బదరీ వృక్షం క్రింద



ఉద్యోగం పోతే హెచ్-1బి మీద ఉన్నవారికి సాధారణంగా మిగిలేది 60 రోజులు. ఆ లెక్క మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఉద్యోగం ఉన్నవారు సైతం రాత్రి రెండింటికి లేచి ఫోను చూసుకుంటారు. లేఆఫ్ మెయిల్ వచ్చిందా? ఊళ్లో అమ్మకు ఎలా ఉంది? పొద్దున ఎవరైనా పలకరిస్తే మాత్రం "దేవుని కృప" అంటాం.

చింతపడేవారితో విశ్వాసం చాలలేదని అనేస్తాం. నేనూ అన్నవాడినే. ఏలీయా దగ్గరకు వచ్చిన దూత ఆ మాట అనలేదు. 1 రాజులు 19వ అధ్యాయం చూడండి. కర్మెలు మీద అగ్ని దిగడం చూసిన ప్రవక్త, యెజెబెలు బెదిరింపుకు పారిపోయి బదరీ వృక్షం క్రింద చావు కోరుకున్నాడు. దేవుడు అప్పమూ నీళ్లూ పంపాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండవసారి లేపినప్పుడూ గద్దింపు లేదు, ముందున్న దారి అతనికి భారమేనని దూత ఒప్పుకున్నాడు. దేవుడు ప్రశ్న అడిగింది 40 దినాల ప్రయాణం తరువాత, హోరేబులో.

ఆరు నెలలుగా, దాదాపు రోజూ, ఆపుకోలేని చింత. నిద్ర పట్టకపోవడం, మెడా భుజాలూ బిగుసుకోవడం. వైద్యులు దీన్ని జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అంటారు. కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి. షుగరుకు మాత్ర వేసుకుని ప్రార్థించే మనం దీనికెందుకో సిగ్గుపడతాం. ఏలీయాలా చావు తలంపులు వస్తే వెంటనే 988కి ఫోను చేయండి, ఏ వేళలోనైనా పలుకుతారు.

ఆదివారం భోజనాల దగ్గర ఎవరైనా "నిద్ర పట్టడం లేదండీ" అంటే, వచనం చెప్పకముందు ప్లేటు వడ్డించి పక్కన కూర్చోండి. ఆ నిద్ర పట్టనివారు మీరే అయితే, "దేవుని కృప" అన్నాక అది కూడా చెప్పండి.