బయలుకు భండారులము

 

టెక్కలికి సమీపమున నున్న రావివలసలో ఎండల మల్లికార్జునస్వామిని దర్శింపని కుటుంబము మన ప్రాంతమున అరుదు. కార్తిక సోమవారములందు అచ్చటికి వచ్చు జనసందోహమును మీరెల్లరు చూచినవారే. ఆ మహాలింగమునకు పైకప్పు లేదు. ఎండకు ఎండుచు, వానకు తడియుచు స్వామి ఆరుబయటనే నిలిచియున్నాడు. కప్పు వేయదలచినవారికి స్వామి స్వప్నమున కనబడి, తన్ను తాకి వీచు గాలి లోకులకు ఆరోగ్యము నిచ్చుననియు, దానికి అడ్డు కట్టవలదనియు సెలవిచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఇష్టలింగధారులమైన మనకు స్థావరలింగముతో పనియేమని అడుగువారు మనలో లేకపోలేదు. ఆ వాదము నేడు ఎత్తుకొనను. కాని ఆ కథలోని యొక మాట మాత్రము నన్ను విడుచుట లేదు. తన కొరకు గోడ కట్టవలదన్న దేవుడు ఆ గాలి అందరిదని చెప్పినాడు. మనమో, అందరిదైనదాని చుట్టు కంచె వేసి మనదనిపించుకొనుటకు వేగిరపడుచున్నాము.

మన సంప్రదాయమున బయలు అనునది చిన్న మాట కాదు. అల్లమప్రభువు మొదలగు అనుభావులు పరతత్త్వమును బయలని పిలిచిరి. షట్స్థలములలో కడపటిదగు ఐక్యస్థలమున భక్తుడు లీనమగునది ఆ బయలునందే. పల్లెలో బయలనగా వేరొక అర్థము. పశువులు మేయు బీడు, చెరువుగట్టు, మామిడితోపు, మనవారిని సమాధి చేయు రుద్రభూమి, దానికి పోవు బాట, వర్షకాలమున నీరు నిలుచు తంపర. ఇవి ఎవరి పట్టాలోను ఉండవు. పట్టా లేదు గనుక యజమాని లేడనియు, యజమాని లేడు గనుక ఎవడు ముందు ఆక్రమించిన వానిదే యనియు లోకము తలపోయుచున్నది. భక్తుడు తలపోయవలసిన రీతి యిది కాదని చెప్పుటకే ఈ ప్రసంగము.

బసవేశ్వరుడు కల్యాణపురమున బిజ్జలుని కొలువులో భండారిగా నుండెనని మనమందరము ఎరుగుదుము. భండారి యనగా ఎవడు? ధనము తనది కాకున్నను తాళపుచెవి తన చేతనున్నవాడు. పండ్రెండవ శతాబ్దమున జరిగిన ఆ కథను మన తెలుగువారికి పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ద్విపదలుగా చెప్పి యిచ్చినాడు. బసవన్న రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని కొండెగాండ్రు చెప్పగా బిజ్జలుడు లెక్క చూపుమన్నాడు. చూడగా ఒక్క మాడయు తక్కువ లేదు. ఇందలి మహిమను మీకు నేను క్రొత్తగా చెప్పనక్కరలేదు. నేను చూచునది వేరు. లెక్క అడిగిననాడు బసవన్న తొట్రుపడలేదు, కోపింపలేదు, గడువు కోరలేదు. భండారము తెరచి చూపినాడు. తనది కానిదానిని కాచువాని శీలము అట్లుండవలెను.

మన ఊరి బయళ్ళకు మనము భండారులము. యజమానులము కాము. అట్లని పరాయివారమును కాము. సర్కారు పోరంబోకు గదా, సర్కారే చూచుకొనునని చేతులు కట్టుకొని కూర్చుండుటయు, నాకు చేరువనున్నది గదాయని రెండు బారలు కలుపుకొనుటయు రెండును భండారి చేయదగిన పనులు కావు. మొదటివాడు తాళపుచెవిని పారవేసినాడు. రెండవవాడు పెట్టె తెరచినాడు. అంతియే భేదము.

ఈ భండారిపనిని ఏ శాస్త్రము చదువకయే చేయుచున్న ఊరు మన టెక్కలి మండలముననే కలదు. తేలినీలాపురము పేరు మీరు వినియే యుందురు. వర్షకాలపు చివర గూడబాతులు, అనగా పెలికానులు, ఎర్రకాళ్ళ కొంగలు వేలకొలది ఆ యూరి చెట్లపై వాలి, గూళ్ళు కట్టి, పిల్లలను పొదిగి పెంచుకొని వేసవి ముదురునాటికి వెడలిపోవును. ఇవి సైబీరియా నుండి వచ్చునని వాడుక. పక్షిశాస్త్రజ్ఞులు మాత్రము ఈ రెండు జాతులును మన దక్షిణాసియా ఖండమునవేయని, నీరును చేపలును ఉన్నచోటు వెదకికొనుచు తిరుగునవని చెప్పుదురు. దూరదేశపు అతిథులైననేమి, పొరుగువారైననేమి, మర్యాదలో తేడా ఉండరాదు. ఆ పక్షులు వచ్చిన యేడు పంటలు పండునని ఆ గ్రామస్థుల నమ్మకము. వాటిని కొట్టరు, కొట్టనీయరు. ఇంటి వాకిట రెట్టలు పడును, పచ్చిచేపల వాసన వేయును, రాత్రియంతయు పిల్లల రొద వినబడును. ఒక్క దినము మన యింటి ముందు ఇట్లు జరిగిన మనమేమి చేయుదుమో ఎవరికి వారు ఆలోచించుకొనవచ్చును. కన్నడదేశమున, మండ్య జిల్లాలోని కొక్కరెబెళ్ళూరులో ఈ రెండు జాతులనే ఊరివారు కాపాడుచుండగా 2007లో దానిని సామూహిక సంరక్షణస్థలముగా ప్రకటించిరి. ఇచ్ఛాపురము వైపున తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలకు ఊరివారే కాపు. ఈ మూడూళ్ళలోను కాపు మొదట ఊరివారిది. ప్రభుత్వశాఖలు ఆ తరువాత వచ్చి చేయి కలిపినవి.

అయితే గూడు కాచిన మాత్రమున పక్షి బ్రతుకదు. గూడు ఊరిలో నున్నది, కంచము తంపరలో నున్నది. తేలినీలాపురపు పక్షులు మేతకు పోవునది నౌపడ ప్రాంతపు తంపరకును చుట్టుపట్ల చెరువులకును. 2021 డిసెంబరులో ఆ గ్రామమున గూడబాతులు చెట్లపైనుండి రాలి చచ్చినవి. కొలది వారములలో వందకు పైగా చనిపోయినవి. పరీక్షించిన వైద్యులు వాని కడుపులలో నులిపురుగులు కనుగొనిరి. ఆ పురుగులు తిన్న చేపలవెంట లోపలికి చేరునట్టివి. ఎంత భక్తితో చెట్టును కాచినను, నీరు చెడినచో ఊరివారు చేయగలిగినది చచ్చిన పక్షిని పూడ్చుటయే. అందుచేత చెట్టుకు కాపరులున్నట్లే నీటికిని ఉండవలెనను మాటను ఆ సంవత్సరము మనకు నేర్పినది.

తంపర యన్నను, బీల యన్నను ఎరుగనివారికి అది బురదనేల. ప్రభుత్వపు లెక్కలలో ఇట్టి భూములకు బంజరను పేరు తేలికగా పడును. ఎరిగినవారికి అదియే భండారము. వాననీటిని పట్టి నిలుపుకొని, ఎండకాలమున చుట్టుపట్ల నూతులకు ఊట నిచ్చును. పశువులకు మేత, చాపలకు తుంగ, బెస్తవారికి చేప, మెట్టనేలకు తోడుకొను నీరు దానినుండియే వచ్చును. కారణము నేటికిని నిశ్చయముగ తేలని మూత్రపిండవ్యాధితో ఇంటింట బాధపడిన ఉద్దానమువారికి మంచినీటి విలువ మరియొకరు చెప్పవలసినది లేదు. సోంపేట బీలలో ఉష్ణవిద్యుత్ కేంద్రము నెలకొల్పబూనినప్పుడు ప్రజలు ఎదిరించిరి. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరుపగా ఇరువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారసంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసినది. మరుసటి యేట, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలపు కాకరాపల్లి తంపరలో మరల అట్టి కాల్పులే, మరల ప్రాణనష్టమే. రాజకీయము మాట్లాడుట ఈ వేదికకు తగదు. ఎవరిది తప్పని తీర్పు చెప్పుట నా పని కాదు. కాని యెవరి పట్టాలోను లేని నేలకొరకు సామాన్యులు ప్రాణములు పోగొట్టుకొనిరనగా, ఆ నేల బంజరు కాదని వారు ఎంత గట్టిగా ఎరిగియుండిరో మనము గ్రహింపవలదా?

కాకరాపల్లి ఘటనకు సరిగా ఒక నెల ముందు, 2011 జనవరి 28న, సుప్రీంకోర్టు ఒక పంజాబు వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, గ్రామపు ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించి గ్రామమునకు మరల అప్పగించుటకు అన్ని రాష్ట్రములును ఏర్పాట్లు చేయవలెనని ఆదేశించినది. 2002 నాటి జీవవైవిధ్యచట్టము ప్రతి స్థానికసంస్థయందును జీవవైవిధ్య నిర్వహణ సంఘము ఉండవలెనని, ఊరిలోని వృక్షజాతులు, జంతుజాతుల వివరములు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెనని చెప్పుచున్నది. ఇది బసవన్న చూపిన లెక్కపుస్తకము వంటిదే. మీ పంచాయతీలో ఆ సంఘము ఉన్నదా? ఆ పుస్తకమున మీ చెరువు పేరు, తోపు పేరు, శ్మశానబాట వెడల్పు ఎక్కినవా? ఎన్నడైన అడిగితిరా? అడిగినవారు చేయెత్తుడని సభలో కోరినచో ఎన్ని చేతులు లేచునో నాకు సందేహమే.

మూలపేట వద్ద 2023లో రేవునకు శంకుస్థాపన జరిగినది. రేవు వచ్చిన మన పిల్లలకు పనులు దొరకునను ఆశ పలాస, టెక్కలి ఇండ్లలో కలదు. దూరదేశములకు వలసపోయి తల్లిదండ్రుల అంత్యక్రియలకు కూడ అందుకొనలేని బిడ్డలున్న ప్రాంతమిది. ఆ యాశను తప్పుపట్టువాడను కాను. కాయకము లేని యింట దాసోహము నిలువదు. అయినను రోడ్డు వేయునప్పుడు, మెరక చేయునప్పుడు తంపరకు నీరు వచ్చు త్రోవయు, సముద్రమునకు పోవు త్రోవయు మూసికొనిపోకుండ చూడుడని అడుగుట మన విధి. అడుగుటకు చదువు చాలినంత ఉన్నవారు మనలో ఇప్పుడు చాలమంది ఉన్నారు.

ఒక భక్తుడు నన్ను అడిగినాడు: "స్వామీ! జంగమసేవ మన ధర్మమని విన్నాము. కొంగలకును తంపరకును సేవ చేయుమని ఎక్కడ ఉన్నది?" మంచి ప్రశ్న. జంగమశబ్దమునకు శాస్త్రమున గల అర్థమును నేను మార్చబోవుట లేదు. జంగముడు శివస్వరూపుడైన సంచారగురువే. కాని దయ లేనిచోట ధర్మమే లేదని బసవన్న బోధించినాడు. ఆ దయ మనుష్యునితో ఆగిపోవునని ఆయన గీత గీయలేదు. పంచాచారములలో భృత్యాచార మొకటి గదా! నేను అందరికంటె చిన్నవాడను, సేవకుడనని నడచుకొనుట. చింతచెట్టుపై గూటిలో నున్న పిల్లకంటె నేను పెద్దవాడననుకొన్న క్షణమున ఆ యాచారము చెడినది.

ఇక మన తప్పు చెప్పుకొనవలసి యున్నది. పరుల దోషములు చెప్పుట సులువు. గడచిన యొక కార్తికమున ఒక తోపులో మనవారి వనభోజనములకు పోయితిని. ఊరి పేరు చెప్పను. పూజ శాస్త్రోక్తముగ జరిగినది. ప్రసాదమున ఒక్క మెతుకును నేల పడనీయలేదు. పాదోదకమును కన్నులకద్దుకొని స్వీకరించిరి. సాయంకాలమునకు ఆ తోపులో ప్లాస్టిక్ గ్లాసులు, వెండిరంగు పూత పూసిన విస్తళ్ళు, నీళ్ళసీసాలు గుట్టలుగ పడియున్నవి. ఒక ఆవు ఆ విస్తరిని కాగితముతో కూడ నమలుచున్నది. ప్రసాదమును గౌరవించిన చేతులే ప్రసాదము పెట్టిన నేలను అట్లు విడిచి బండ్లెక్కినవి. నేనును ఎక్కితిని. నా చేత ఒక సంచియైనను లేకపోయినది. మరునాడు మనసు ఆగక తిరిగి వెళ్ళి చూడగా, ఆ యూరి ముసలమ్మ యొకతె ఊడ్చి కుప్పవేయుచున్నది. "ఏమమ్మా, నీకీ శ్రమ?" అంటిని. "మా ఊరి తోపు గదా బాబూ" అన్నది. ఆమె మెడలో లింగము లేదు. ఆమె ముందు నేను తలయెత్తలేకపోయితిని.

మరియొక చోట మన సంఘమువారే చెరువుగట్టును ఆనుకొని కల్యాణమంటపము తలపెట్టిరి. మూడు పెద్ద చింతచెట్లు అడ్డము. కొట్టింతుమని కొందరు, వలదని కొందరు. రెండు నెలలు సభలు జరిగినవి, మాటలు పెరిగినవి. చివరకు ఒక గృహస్థుడు తన కొబ్బరితోటలో స్థలమిచ్చినాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి, పనసతోటలను కూల్చినప్పుడు ఆయన తోటయు సగము పోయినది. చెట్టు ఎదుగుటకు ఎన్నేండ్లు పట్టునో తెలిసినవాడు గనుక ఆ చింతచెట్లను కొట్టనీయలేదేమో యని నాకు తోచును. ఆ దానమునకు శిలాఫలకము వేయుటకు కూడ ఆయన ఒప్పుకొనలేదు.

మఠముల పెద్దలకు నా విన్నపము. మీ మఠభూముల సరిహద్దులను కొలిపించి, ప్రక్కనున్న ఊరుమ్మడి నేల ఒక్క గజమైనను లోపలికి వచ్చియున్నచో మీరే ముందుగ విడిచిపెట్టుడు. మఠము విడిచిన తరువాత గృహస్థునికి చెప్పుట తేలిక. రుద్రభూమికి పోవు బాటలను సంవత్సరమునకు రెండు మారులు, వానలకు ముందొకసారి, కార్తికమునకు ముందొకసారి, యువకులచేత ముళ్ళు కొట్టించి బాగుచేయింపుడు. తేలినీలాపురమునకు పిల్లలను తీసికొనిపోవుట మంచిదే. కాని చెట్ల క్రిందికి పోనీయక దూరమునుండియే, వీక్షణగోపురము మీదనుండియే చూపుడు. కేకలు వేసిన తల్లిపక్షి గూడు విడిచి లేచును. కాకి ఆ క్షణము కొరకే కాచుకొనియుండును.

ఈ కార్తికమున వనభోజనములకు అరటాకులు, అడ్డాకు విస్తళ్ళు, ఇంటినుండి తెచ్చుకొన్న చెంబులు మాత్రమే ఉండవలెనని మన సంఘమున తీర్మానించితిమి. రెండు గోనెసంచులు, నాలుగు చీపుళ్ళు వంటసామగ్రి పట్టికలోనే వ్రాసినాము. బండ్లు కదలుటకు ముందు తోపును చూచి వచ్చు పని ఈ యేడు నాకు అప్పగించిరి.