నలుగురి పనిలో నా వంతు

గత నెలలో ఒక ఆదివారం పూజ ముగిసిన తర్వాత మన విచారణకు చెందిన ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకుని నా గదికి వచ్చారు. ఆ అమ్మాయి ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతోంది. "ఫాదర్ గారూ, దీనికి రెండు రోజులుగా నిద్ర లేదు. మీరే ఏదో ఒకటి చెప్పాలి" అన్నారాయన.

విషయం ఇది. కళాశాలలో నలుగురు విద్యార్థులు కలిసి ఒక ప్రాజెక్టు చేయాలి. పేరుకు నలుగురే గాని భారమంతా మోసింది ఈ అమ్మాయి. ఒక అబ్బాయి కొంత సాయం చేశాడు. మిగిలిన ఇద్దరూ వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టడం తప్ప చేసిందేమీ లేదు. ఇప్పుడు అధ్యాపకుడు, ఎవరెవరు ఏమేమి చేశారో ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు చేసి ఇవ్వమన్నారు. "నిజం రాస్తే వాళ్ళ మార్కులు పోతాయి ఫాదర్. వాళ్ళలో ఒకమ్మాయి మన గుడికి వచ్చే అమ్మాయే. అబద్ధం రాయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?" అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "రెండు రోజులు ఆగమ్మా" అని పంపించాను. ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. మీలో చాలామంది పిల్లలు ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ, ఎం.బి.ఏ. చదువుతున్నారు. వారందరికీ ఈ జట్టు పనులు తప్పవు. కనుక ఆ రెండు రోజులూ నేను ఆలోచించినది మీతో పంచుకుంటాను.

అసలు ఈ పద్ధతి ఎక్కడ నుంచి వచ్చింది? కెనడా దేశంలోని హామిల్టన్ నగరంలో మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి వైద్య కళాశాలలో 1969లో మొదటి విద్యార్థులు చేరినప్పుడు, జాన్ ఎవాన్స్ అనే డీన్, ఆయన సహచరులు ఒక సాహసం చేశారు. ఏళ్ళ తరబడి ఉపన్యాసాలు వినిపించి, ఆ తర్వాత రోగిని చూపించే పాత పద్ధతిని పక్కన పెట్టారు. కొద్దిమంది విద్యార్థులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, మొదటి రోజుల్లోనే ఒక రోగి సమస్యను వారి ముందుంచారు. 'ఇందులో మనకు తెలిసినదేమిటి? తెలియనిదేమిటి?' అని వారే తేల్చుకోవాలి. తెలియని దానిని పంచుకుని చదువుకుని వచ్చి, ఒకరికొకరు వివరించుకోవాలి. అధ్యాపకుడు పక్కనే ఉంటాడు గాని ఉపన్యాసం ఇవ్వడు. దీనినే సమస్య ఆధారిత అభ్యసనం అంటారు. 1974లో నెదర్లాండ్సులోని మాస్ట్రిక్ట్ వైద్య కళాశాల ఈ దారి పట్టింది. అదే ఏడాది డెన్మార్కులో ప్రారంభమైన ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం చదువంతటినీ జట్టు ప్రాజెక్టుల మీద నిలబెట్టింది. మన దేశం 2014లో వాషింగ్టన్ ఒడంబడికలో పూర్తి సభ్యత్వం పొందింది. ఆ ఒడంబడిక ప్రకారం ఇంజనీరు కాబోయేవాడికి ఉండవలసిన లక్షణాల్లో ఒంటరిగానూ, జట్టులోనూ పనిచేయగలగడం ఒకటి. మన కళాశాలలు జట్టు పనికి ఇంత ప్రాముఖ్యం ఇవ్వడానికి అదొక కారణం.

ఈ పద్ధతి మంచిదేనా? పరిశోధకులు ఏళ్ళుగా తూచి చూస్తూనే ఉన్నారు. 2003లో యూరపుకు చెందిన పరిశోధకులు కొందరు 43 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ఇలా చదివినవారు తమకు తెలిసినదానిని పనిలో పెట్టడంలో ముందున్నారు. పుస్తక జ్ఞానం పరీక్షలో కొంచెం వెనుకబడినా, నేర్చుకున్నది ఎక్కువకాలం గుర్తుంచుకున్నారు. 2006లో మరికొందరు పండితులు గట్టి అభ్యంతరం చెప్పారు. దారి చూపించకుండా కొత్తవారిని సమస్యలోకి తోసేస్తే వారి బుద్ధి అలసిపోతుందే గాని నేర్చుకోదని వారి వాదన. ఆ మరుసటి ఏడాదే దానికి జవాబు వచ్చింది: ఈ పద్ధతిలో దారి చూపించకపోవడమన్నది లేదు, అడుగడుగునా ఆసరా ఉంటుంది అని. అంటే గురువు తప్పుకుంటే ఈ పద్ధతి నిలవదన్న మాట. దిద్దే కాగితాలు తగ్గుతాయని పిల్లలను నలుగురేసి చొప్పున కట్టి వదిలేసే అధ్యాపకుడు ఈ పద్ధతిని పాటించడం లేదు.

ఇక జట్టులో పని ఎగ్గొట్టే జబ్బు కొత్తది కాదు. ఫ్రాన్సు దేశంలో రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి బలాన్ని కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగితే, ఒక్కొక్కరి వంతు ఒంటరిగా లాగినప్పటి బలంలో సుమారు సగానికి పడిపోయింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఒక కారణం. మనసు సడలించుకోవడం రెండవ కారణం. 1979లో అమెరికాలో లటానే అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి ఈ రెండవ కారణాన్ని రుజువు చేశారు. 1981లో వారే మరొక సంగతి చూపించారు. ఎవరి కేక ఎంతో విడిగా తెలుస్తుందని నమ్మినప్పుడు ఆ బద్ధకం కనిపించలేదు! ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఏ ప్రయోగశాలా లేకుండానే చెప్పారు.

మరి కంప్యూటరు ఈ జబ్బును కుదిర్చిందా? ఇప్పుడు నలుగురూ నాలుగు ఊళ్ళలో ఉండి ఒకే కాగితం మీద రాయవచ్చు. 2020లో కరోనా కాలంలో కళాశాలలు మూతబడినప్పుడు చదువులు సాగింది అలాగే. ఎవరు ఏ పూట ఏ వాక్యం రాశారో, ఏది చెరిపారో ఆ యంత్రం దాచి ఉంచుతుంది. న్యాయం చేయడానికి ఇది కొంత పనికివస్తుంది. అయితే అది చూపించేది ఎవరి వేళ్ళు కదిలాయో మాత్రమే. ఎవరి బుద్ధి కదిలిందో చూపించలేదు. ఇంట్లో కంప్యూటరు లేని అబ్బాయి ఫోనులో చెప్పిన ఒక్క మంచి ప్రశ్న పని మొత్తాన్ని మలుపు తిప్పి ఉండవచ్చు. వంద వాక్యాలు టైపు చేసినవాడు ఒక్కటి కూడా అర్థం చేసుకోకపోవచ్చు. పైగా 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చిన తర్వాత ప్రతి జట్టులోనూ అలసిపోని సభ్యుడొకడు చేరాడు. నలుగురూ కలిసి పల్లకీ ఎక్కి, మోత పని వాడికి అప్పగించే రోజులివి. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరన్న సామెతకు ఇప్పుడు జవాబు దొరికిందని పిల్లలు సంబరపడుతున్నారు.

ప్రియ పాఠకులారా, ఇక్కడే అసలు ప్రశ్న ఉంది. నలుగురు కలిసి ఒక బావి తవ్వారనుకోండి. ఇద్దరే తవ్వినా నీళ్ళు నలుగురూ తాగవచ్చు. తవ్వనివాడికి నీళ్ళు ఇవ్వడం దయ కూడా కావచ్చు. కాని తవ్విన చేతులకు వచ్చిన బలాన్ని తవ్వనివాడికి పంచిపెట్టగలమా? ఫలితాన్ని పంచుకోవచ్చు గాని, నేర్చుకోవడాన్ని పంచి ఇవ్వలేము. ఒకరు తింటే మరొకరి ఆకలి తీరదు.

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలో పారిస్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూ, ఒకరు మరొకరికి జ్ఞానం ఇవ్వగలరా అన్న ప్రశ్నను చర్చించారు. ఆయన వైద్యుణ్ణి ఉదాహరణగా చూపారు. రోగిని బాగుచేసేది ముఖ్యంగా వాడి శరీర స్వభావమే. వైద్యుడు దానికి సాయపడతాడు. అలాగే విద్యార్థి బుద్ధి తానే నడవాలి; గురువు దానికి సాయపడతాడు. ఆనాటి పారిస్‌లో చర్చ అంటే ఒక్కడి ఉపన్యాసం కాదు. ఒక ప్రశ్న పెడితే వచ్చినవారు అభ్యంతరాలు లేవదీసేవారు, ఒక శిష్యుడు లేచి జవాబు చెప్పేవాడు, తర్వాతి సమావేశంలో గురువు తీర్పు చెప్పేవారు. కలిసి నేర్చుకోవడం కెనడాలో పుట్టిన వింత కాదన్న మాట. కాకపోతే అక్కడ ఎవరి అభ్యంతరం వారే లేవదీయాలి, ఎవరి జవాబు వారే చెప్పాలి.

ఇది పుస్తకంలో చదివినందుకే చెప్పడం లేదు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మా నలుగురికి కలిపి ఒక వ్యాసం ఇచ్చారు, కార్యకారణ సంబంధం మీద. మాలో ఒక మిత్రుడు రాత్రులు కూర్చుని రాశాడు. నేను అందంగా చదివి వినిపించాను. మెప్పు నాకే ఎక్కువ వచ్చింది. పదిహేనేళ్ళ తర్వాత ఒక విచారణలో ఒక కుర్రవాడు, "ఫాదర్, కారణం లేకుండా ఏదీ ఉండదంటే ఎందుకు నమ్మాలి?" అని అడిగాడు. ఆనాడు నేను చదివిన వాక్యాలు గుర్తున్నాయి గాని, వాటి వెనుక ఉన్న ఆలోచన నాది కాదు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ అబ్బాయి మళ్ళీ నన్నేమీ అడగలేదు. నేను మోసగించింది నా మిత్రుణ్ణి ఒక్కణ్ణే కాదు, ఆనాటికి నేను చూసి కూడా ఎరుగని ఆ కుర్రవాణ్ణి.

ఈ సంగతి మరచిపోకండి. జట్టు చెదిరిపోతుంది. అర్ధరాత్రి ఆసుపత్రిలో రోగి పక్కన నిలబడే నర్సు ఒంటరిగానే నిలబడుతుంది. వంతెన లెక్కల కింద సంతకం పెట్టే ఇంజనీరు చెయ్యి ఒక్కటే. పని ఎగ్గొట్టినవాడి అప్పు తీర్చేది ఆ రోగి, ఆ వంతెన మీద నడిచే మనిషి. తిలా పాపం తలా పిడికెడు అనుకోవడానికి అక్కడ పంచుకునేవారుండరు.

అయితే అంతా తానే చేసిన బిడ్డ తప్పు ఏమీ లేదా? ఇది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. బలహీనుని బరువు మోయడం ప్రేమే కదా అంటారు. జబ్బుపడినవాడి బరువు మోస్తే ప్రేమే. కాని బిడ్డ తినవలసిన ముద్ద తల్లి తినేస్తే దానిని ప్రేమ అనలేము. 'వాళ్ళకు చెప్పేలోగా నేనే చేసేస్తే త్వరగా అయిపోతుంది' అన్న మాటలో దయ కొంచెం, గర్వం కొంచెం కలిసి ఉంటాయి.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి వచ్చినప్పుడు ఇలా చెప్పాను: "అబద్ధం రాయవద్దమ్మా. కాని కాగితం ఇవ్వడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ముందు వాళ్ళను పిలువు. చేయవలసిన పరీక్షలు ఇంకా ఉన్నాయన్నావు కదా, అవి వాళ్ళ చేత చేయించు. నువ్వు పక్కన కూర్చో, చెయ్యి పెట్టకు. ఆ తర్వాత జరిగినది జరిగినట్టు రాయి. రాసినది ముందుగా వాళ్ళకే చూపించు."

మన గుడికి వచ్చే ఆ అమ్మాయి వచ్చి కూర్చుందట. మొదటి రోజు ఏడ్చిందట; రెండవ సంవత్సరం నుంచీ తనకు అర్థం కావడం లేదనీ, అడగడానికి సిగ్గుపడ్డాననీ చెప్పిందట. తను చేసిన కొద్దిపాటి పనిని అధ్యాపకుని ముందు తానే వివరించింది. నాలుగవ విద్యార్థి రాలేదు. అతని పేరు ఎదురుగా ఉన్న గడి ఖాళీగానే వెళ్ళింది. అతనికి మార్కులు తగ్గాయి, ఈ అమ్మాయితో మాటలు మానేశాడు. నిజానికి ఆ వెల ఉంటుంది. లేదని నేను చెప్పను.

తల్లిదండ్రులారా, మీకొక మనవి. పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ప్రాజెక్టుకు ఎన్ని మార్కులు వచ్చాయని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఫోను పక్కన పెట్టించి, "ఇందులో నువ్వు చేసినదేమిటో మీ నాయనమ్మకు అర్థమయ్యేట్టు చెప్పు" అనండి. "నీకు తెలియనిది నీ స్నేహితుడి దగ్గర ఏం నేర్చుకున్నావు? నీ దగ్గర వాడేం నేర్చుకున్నాడు?" అని కూడా అడగండి. ఈ రెండింటికీ జవాబు దొరికితే ఆ నలుగురూ నిజంగా కలిసి చదివినట్టే. దొరకకపోతే కోప్పడకండి. ఆ రాత్రి భోజనం దగ్గర, వాడికి అర్థం కానిదేమిటో ముందుగా అడిగి తెలుసుకోండి.