కంచంలో నూనె

తలంటుకు కొబ్బరినూనె సీసా వెతికే మనకు, జుట్టుకు కావాల్సిన కొవ్వు కంచంలోనూ ఉండాలన్నది తట్టదు. 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని మేత పెట్టారు. చర్మం పొలుసులు కట్టింది, బొచ్చు ఊడింది. లినోలిక్ ఆమ్లమనే కొవ్వు అందాక ఎలుకలు తేరుకున్నాయి. ఆ ఆమ్లాన్ని మన ఒళ్లూ తయారు చేసుకోలేదు. నువ్వుల నూనెలో దండిగా ఉంటుంది. మన తిండిలో తక్కువయ్యేది దాని తోబుట్టువైన మరో కొవ్వు, ఒమేగా-3. అది అందాలంటే అవిసె గింజలు చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు చేర్చి దంచండి. దంచడం ముఖ్యం, నలగని గింజ అరక్కుండానే పోతుంది. చేప తినేవారికి కవళ్ల పులుసుంది. బట్టతల మీద జుట్టు మొలుస్తుందని మాత్రం అనను, అది చాలావరకు వంశం సంగతి. ఉన్నట్టుండి కుచ్చులుగా ఊడుతుంటే రక్తహీనతో, థైరాయిడో కావచ్చు, డాక్టరుకు చూపించుకోండి. వెంట్రుక నెలకు పెరిగేది సుమారు ఒక సెంటీమీటరే, వారానికే అద్దం ముందు లెక్కలొద్దు.