ముక్కలు ఎవరివి?

ధ్యానభాగములు: రూతు 2:1-17, యోహాను 6:1-13



గత క్రిస్మసు దినములలో మా సంఘపు చిన్నది ఒకతె ఒక పటము చేసి గుడికి తెచ్చెను. ఆమె మైదుకూరులో ఒక దర్జీ అంగడియందు కుట్టుపని నేర్చుకొనుచున్నది. పాత పెండ్లిపత్రికలు, మిఠాయి డబ్బాల రంగుకాగితములు, రవికల నమూనాలు అచ్చువేసిన పుస్తకపు పుటలు, కత్తిరింపులో మిగిలిన గుడ్డపేలికలు, వీటినన్నిటిని అట్టమీద మైదా బంకతో అంటించి, తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన యేసునొద్దకు వచ్చిన దృశ్యమును కూర్చినది. జ్ఞానుల అంగీలు పట్టుపేలికలు. ఒకని చేతిలోని బంగారపు పెట్టె జరీ అంచు ముక్క. చూచినవారందరు మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని.

అయితే మా సంఘపు పెద్ద ఒకాయన నన్ను ప్రక్కకు పిలిచి రెండు ప్రశ్నలు వేసెను. "అయ్యగారూ, ఇది పొద్దుపుచ్చే పని కాదా? బట్టల సోకును గుళ్లోకి తేవచ్చునా?" అనునది మొదటిది. "ఇంతకూ ఈ ముక్కలు ఎవరివి?" అనునది రెండవది. మొదటి దానికి నాకు జవాబు వెంటనే దొరికినది. రెండవది ఆ రాత్రి నన్ను నిద్రపోనీయలేదు.

మొదటి ప్రశ్న చూతము. మన అవ్వలు చిరిగిన చీరెల ముక్కలు చేర్చి బొంతలు కుట్టిరి. చలి ఆపుటకు ఏ ముక్కయైనను చాలును గదా. ఎర్రముక్క ప్రక్కన పసుపుముక్క వేయవలెనని వారికెవరు నేర్పిరి? అందమును కోరు మనస్సును దేవుడు పేదవారికిని ఇచ్చెను. ప్రత్యక్షపు గుడారము కట్టునప్పుడు బెసలేలును తన ఆత్మతో నింపి, విచిత్రమైన పనులు కల్పించు నేర్పును, బుటాపని చేయు నేర్పును ఆయనే దయచేసెనని నిర్గమకాండము 35వ అధ్యాయములో చదువుచున్నాము.

ఇట్లు ముక్కలను అంటించి చేయు చిత్రమును నేడు కొలాజ్ అందురు. అది ఫ్రెంచి మాట; అంటించుట అని దాని అర్థము. 1912లో పికాసో, బ్రాక్ అను చిత్రకారులు ఈ పద్ధతిని చేపట్టిన తరువాత దానికి లోకములో పేరు వచ్చెను. అయితే వారికంటె ఎంతో ముందుగా ఒక పాదిరిగారి విధవరాలు కాగితపు ముక్కలతో గొప్ప పని చేసెను. ఆమె పేరు మేరీ డెలానీ. భర్త పోయిన దుఃఖములో ఉండి, 1772లో, తన 72వ యేట, రంగుకాగితములను సన్నగా కత్తిరించి నల్లని కాగితముమీద అంటించి పువ్వులు చేయ మొదలుపెట్టెను. చూపు తగ్గువరకు సుమారు పది సంవత్సరములలో దాదాపు వెయ్యి పువ్వులు చేసెను. అవి లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నేటికిని ఉన్నవి. దేవుడు చేసిన పువ్వును అంత శ్రద్ధగా చూచిన కన్ను పొద్దుపుచ్చినదని నేననలేను.

ఇక రెండవ ప్రశ్న. మరునాడు ఆ చిన్నదానిని అడిగితిని. "ఊడ్చి పారేసేటివే కదయ్యా, ఎవుర్నడగాల?" అనెను. ఆమె మాటలో కపటము లేదు. మనమందరము అట్లే అనుకొందుము. కోత అయిన చేనిలో మిగిలిన వేరుసెనగ కాయలు, పనిచోట మిగిలిన ఇటుకలు, కచ్చేరిలో మిగిలిన కాగితములు, వీటికి సొంతదారుడెవడని అందుము. గోరంత దానికి కొండంత విచారణ ఎందుకని నవ్వుదుము.

అయితే రూతును చూడుడి. పొలములో రాలిన పరిగె పేదవారిదని ధర్మశాస్త్రమే చెప్పెను (లేవీ. 19:9-10). ఆమె పరదేశి, విధవరాలు, ఆకలిగొన్నది. ఆమెకు ఆ హక్కు ఉన్నది. అయినను ఏరుకొనుటకు సెలవిమ్మని ఆమె అడిగెను (రూతు 2:7). ఇందులో మనకొక పాఠమున్నది. ఒక వస్తువు పనికిరానిదని చెప్పు అధికారము దాని సొంతదారునిదే గాని, దానిని కోరువానిది కాదు. మన కోరికయే న్యాయాధిపతియైన యెడల పొరుగువాని సొమ్మంతయు కొంచెము కొంచెముగా పనికిరానిదే అగును. కొంచెములో నమ్మకముగా నుండుటను గూర్చి ప్రభువు లూకా 16:10లో చెప్పినది ఇందుకే.

కలిగినవారికి కూడ ఒక మాట. లేవీయకాండములోని ఆజ్ఞ మొదట పొలముగలవానికే ఇయ్యబడెను. అంచులవరకు కోయవద్దని, రాలినది ఏరుకొనవద్దని అతనితోనే చెప్పబడెను. అడిగినవారికి పేలిక కూడ ఇయ్యక లెక్కపెట్టుకొనువాడు ఆ ఆజ్ఞను మరచినవాడే.

నేనును ఆ చిన్నదియు పటము తీసికొని దర్జీయొద్దకు పోతిమి. ఆయన నవ్వి, "ఈ పేలికలు చెత్తబుట్టకే పోతాయి పాపా, ఎన్నైనా తీసుకో" అనెను. అంతలో జరీముక్క చూచి నవ్వు మానెను. "దీనికోసమేనయ్యా రెండు దినాలుగా ఎతుకుతుండేది. పెండ్లిచీర అంచు. మిగిలిన గుడ్డ రవికతో కూడ ఇచ్చేయమని చెప్పిపోయినారు" అనెను. ప్రభువునకు తెచ్చిన బంగారము పరాయివారి బంగారమాయెను! ముందుగా మెచ్చుకొన్నవాడను నేనే. అడుగవలసిన మాట అడుగనివాడనును నేనే.

చిన్నది ఏడ్చెను. తరువాత ఆ చోటును నీళ్లతో తడిపి, బంక నానువరకు కూర్చుండి, జరీముక్కను మెల్లగా ఊడదీసి, కడిగి ఆరబెట్టి ఇచ్చివేసెను. ఇంటికి పోయి తన పాత ఓణీ కొంగునుండి పసుపుముక్క ఒకటి కత్తిరించి అక్కడ అంటించెను. వెల ఇయ్యక తీసికొన్న దానిని దేవునికి బలిగా అర్పింపనని దావీదు అరౌనా కళ్లములో చెప్పిన సంగతి (2 సమూ. 24:24) నాకప్పుడు జ్ఞాపకమునకు వచ్చెను.

ఆ పటము ఇప్పుడు మా గుడిలో నున్నది. పెట్టె జరీవలె మెరయదు. గాని అది ఆమెది గనుక ఇయ్యగలిగెను. అయిదువేలమంది తిన్న తరువాత మిగిలిన ముక్కలను పోనియ్యక పోగుచేయించిన ప్రభువు మన చిన్న ముక్కలను కూడ త్రోసివేయడు. అవి మనవై యుండవలెను, లేదా అడిగి తెచ్చుకొన్నవై యుండవలెను. ఈ మాసములో మన యింటిలో అడుగక తెచ్చుకొన్న ముక్క ఏదైనను ఉన్నదేమో ప్రతివారము వెదకుదము.

ప్రార్థన: ప్రభువా, కొద్దిదానిలో నమ్మకమైన చేతులను, అడుగుటకు సిగ్గుపడని నోటిని, ఇచ్చుటకు వెనుకాడని మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.