ఒట్టును మాటయు

"నీతోడు", "దేవునితోడు", "నీ మీఁద ఒట్టు" అను పలుకులు మన యిండ్లలో దినమున కెన్నిమాఱులు వినఁబడుచున్నవి! పలుకువారు సత్యమును బలపఱుచుచున్నామనియే తలంతురు. వాస్తవమునకు, ఒట్టు లేక పలికిన తక్కిన మాటలను నమ్మ నక్కఱలేదని వారే యొప్పుకొనుచున్నారు.

మత్తయి సువార్త 5వ అధ్యాయమున క్రీస్తు, ఒట్టు పెట్టుకొనుటనే మాని, ఔను కాదులతోనే మాట ముగింపుఁడని బోధించెను. క్రైస్తవులలో ననేకు లిది న్యాయస్థానములకు వర్తింపదని సరిపెట్టుకొనిరి. 17వ శతాబ్దమున ఇంగ్లండులో జార్జి ఫాక్సు బోధవలన నేర్పడిన క్వేకరులు మాత్రము దీనిని యక్షరాలఁ బాటించిరి. రాజభక్తి ప్రమాణము చేయనందున మార్గరెటు ఫెల్ అను నామె 1664లో శిక్షింపఁబడి 1668 వఱకు చెఱలో నుండెను. రాజునం దామెకు ద్రోహబుద్ధి లేదు. ఒట్టు మాత్రమే యామె యొల్లనిది. 1696లో పార్లమెంటు వారికి ఒట్టునకు మాఱుగ వేఱొక వాక్యము నంగీకరించెను. అందును దేవుని పేరుండుటచే నదియు నొట్టే యని కొందఱు, 1722లో దానిని సడలించువఱకు శాంతింపరైరి. ఇంతటి పట్టుదల మన కొకింత యతిగాఁ దోఁపవచ్చును.

అయినను వారి యంగళ్లను చూడుఁడు. అక్కాలమున అంగడివాఁ డధికముగ వెల చెప్పుటయు, కొనువాఁడు తగ్గించి యడుగుటయు వాడుక. మన బజారులకును నిది క్రొత్త గాదు. క్వేకరు లొక్కటే వెల చెప్పి యా వెలకే యమ్మిరి. మొదట గిరాకి తగ్గెను. పిదప పసిపిల్లను పంపినను మోసముండదని యెఱిఁగి జనులు వారియొద్దకే పోసాగిరని ఫాక్సు వ్రాసియున్నాఁడు.

బేర మిరువురకుఁ దెలిసిన యాట గదా, అందు అబద్ధ మెక్కడిదని కొంద ఱడుగుదురు. తెలిసినవారి నడుమ నీ మాట నిజమే, మేమును కాదనము. కాని యా యాట తెలియనివాఁ డొకఁడు వచ్చును. పొరుగూరివాఁడో, పసివాఁడో, చెప్పినది నమ్ము నొక ముసలవ్వయో. అడిగిన వెల యడిగినట్లిచ్చి పోవువారు వీరే. గడుసువాని నా యబద్ధ మేమియుఁ జేయఁజాలదు, నమ్మినవానినే దోఁచును.

లోపల కూర్చుండి, "అయ్యగా రింట లేరు" అని నౌకరుచేఁ జెప్పించు పెద్దమనుష్యుల సంగతియు నింతే. స్నేహితుఁడు గ్రహించి నవ్వుకొని పోవును. దూరమునుండి కాలినడకను వచ్చిన రైతు నిజమే యనుకొని సాయంకాలము దాఁక అరుగుమీఁద వేచియుండును. ఆ మాట పలికిన నౌకరే యతనికి మంచినీళ్లు తెచ్చి యిచ్చును.