వంత మాట

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో బుర్రకథలు విన్న మా వయసువాళ్లం కలిస్తే ఆ రాత్రులే తలుచుకుంటాం. పెట్రోమాక్సు దీపాలు, గుమ్మెట మోత, కొల్లేటి లంకలనుంచి దోనెల్లో వచ్చిన జనం! యీ తలపోత నిజాయితీ అయినదేనా అని నాకు సందేహం.

నడుమ కథకుడు, ఒక పక్క హాస్యపు వంత, రెండో పక్క రాజకీయపు వంత. పాతకథను నిలిపి ఆనాటి కూలిరేట్ల సంగతి ఎత్తేవాడు యీ రెండోవాడే. 1943 నాటి బెంగాల్ కరువును నాజరు బుర్రకథగా చెప్పింది గొంతు చూపించుకోడానికి కాదు గదా. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది, సంతోషమే. మనకు మాత్రం గుమ్మెట గుర్తుండి, వంత మాట జారిపోయింది.

2006లో కొల్లేటి చేపలచెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలి, నిజమే. మరి ఆ గట్లమీద పనిచేసిన కూలివాడెటు పోవాలి? అలా అడిగే వంతను నేనే పందిట్లోనూ వినలేదు. పాత బుర్రకథల ముచ్చట్లు మాత్రం ఆ ఏడూ విన్నాను.