చూస్తే అరిగిపోతుందా?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి. మన సంఘంలోని కుటుంబాలకు ఈ మధ్య ఓడ ప్రయాణాల మీద మోజు పెరిగింది. కీల్, హాంబుర్గ్ రేవుల నుంచి నార్వే వెళ్లేవారు కొందరు. అంత ఖర్చెందుకని మెక్లెన్‌బుర్గ్ సరస్సుల మీద పడవల్లో తిరిగి వచ్చేవారు కొందరు. ఎటు వెళ్లినా ప్రయాణపు కాగితాల్లో ఒక బొమ్మ తరచుగా కనబడుతుంది: గోళ్లు చాచి నీటి మీదికి దిగుతున్న పెద్ద గద్ద. అడవి గద్దలను దగ్గరగా చూడమని పిలుపు. ఇందులో తప్పేముంది? వేటాడటం లేదు, పంజరంలో పెట్టటం లేదు, వూరికే చూడటమే కదా. చూస్తే అరిగిపోతుందా అంటారు మనవాళ్లు. అరిగిపోతుందో లేదో కాస్త ఆలోచిద్దామని ఈ నాలుగు ముక్కలు.

ముందు ఆ పక్షి సంగతి. జర్మన్లు జేఆడ్లర్ అనే సముద్రపు గద్ద ఇది. తోక తెల్లగా, ముక్కు పచ్చగా వుంటుంది. రెక్కలు చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లకు పైనే. మన వూళ్లలో గద్దను చూడటానికి ఎవరూ డబ్బిచ్చేవారు కాదు. కోడిపిల్లను తన్నుకుపోతుందని రాయి తీసేవారు. ఇక్కడివారు రాయితో ఆగలేదు. కాల్చి తెచ్చినవారికి బహుమానాలిచ్చిన కాలం వుంది. తుపాకిని తప్పించుకున్నవాటిని 1950ల నుంచి డీడీటీ పట్టుకుంది. పొలాల్లో చల్లిన మందు వాగుల్లోకి, వాగుల నుంచి చేపల్లోకి, చేపల నుంచి గద్ద ఒంట్లోకి చేరింది. గుడ్డు పెంకుకు సున్నం సరిగా పట్టక, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు పగిలిపోయాయి. ఇదే రోజుల్లో, 1953లో, బాన్ పార్లమెంటు సభాభవనం గోడకు లూద్విగ్ గీస్ రూపొందించిన పెద్ద గద్దను తగిలించారు. జనం దానికి ముద్దుగా 'బొద్దు కోడిపెట్ట' అని పేరు పెట్టుకున్నారు. రాజ్యచిహ్నంగా గోడ మీద గద్ద బలిసింది, చెట్టు మీద గద్ద నశించింది.

పశ్చిమ జర్మనీ 1972లో డీడీటీని నిషేధించింది. తూర్పున దాని వాడకం 1980ల దాకా సాగింది. మెల్లగా పక్షి కోలుకుంది. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని జంటలుండేవి. ఇప్పుడు దేశం మొత్తం మీద ఆరు వందలకు పైగా వున్నాయి. 1990లో ఏర్పడిన మ్యూరిట్స్ జాతీయ వనం వీటికి పేరున్న చోటు. అందుకే చూడటానికి పడవలు బయలుదేరాయి.

ఇక మన ప్రశ్న. ఈ గద్ద చలి పూర్తిగా పోకముందే, ఫిబ్రవరి చివర, మార్చిలో గుడ్లు పెడుతుంది. ముప్ఫై ఎనిమిది రోజులు పొదగాలి. మనిషి మరీ దగ్గరికి వస్తే తల్లి లేచిపోతుంది. ఆ కాసేపట్లో గుడ్లు చల్లబడవచ్చు, కాకి ఎత్తుకుపోవచ్చు. ఇక్కడి చట్టం దీన్ని గుర్తించింది. బ్రాండెన్‌బుర్గ్, మెక్లెన్‌బుర్గ్ ప్రాంతాల్లో గూటి చుట్టూ నూరు మీటర్ల మేర ఏడాది పొడుగునా రక్షణ వుంది. గూడు కట్టి పిల్లలను పెంచే నెలల్లో అది మూడు వందల మీటర్లు. అంటే చూస్తే అరిగిపోతుందన్నమాట, కనీసం ఆ నెలల్లో.

"నా ఒక్కడి చూపుతో ఏమవుతుంది?" అని అడగవచ్చు. నిజమే, ఒక్క చూపుతో ఏమీ కాకపోవచ్చు. కాని గద్దను చూడటం మనకు జన్మకొక పండగ. గద్దకు మాత్రం మనం ఆ రోజు వచ్చిన ఏడో పడవ. లెక్క మన వైపు నుంచి ఒకటి, దాని వైపు నుంచి ఏడు. ధర్మం విషయంలో దెబ్బ తినేవాడి లెక్కే సరైన లెక్క అని నా అభిప్రాయం.

వైద్యుణ్ణి కనుక ఇంకో మాట చెప్పాలనిపిస్తుంది. బోధనాసుపత్రిలో ఒక రోగి మంచం చుట్టూ పదిహేనుమంది విద్యార్థులు మూగటం మనలో చాలామందికి తెలిసిన దృశ్యమే. ఎవరూ ఆయన్ను కొట్టరు, తిట్టరు, చూస్తారంతే. అయినా ఆయన మొహం గోడవైపు తిప్పుకుంటాడు. ఆ తిప్పుకోవటమే ఆయన జవాబు. అందుకే పరీక్షకు ముందు రోగిని అడగాలి, ఆయన వద్దంటే తెర వేయాలి అని మా వృత్తి నేర్చుకుంది. గద్దకు నోరు లేదు గాని జవాబు వుంది. స్విస్ జంతుశాస్త్రజ్ఞుడు హెడిగర్ దీన్నే 'పారిపోయే దూరం' అన్నాడు: ప్రతి జంతువుకూ శత్రువును ఓర్చుకునే ఒక హద్దు వుంటుంది, అది దాటితే లేచిపోతుంది. పైగా లేవకుండా కూర్చున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. పెంగ్విన్ల మీద చేసిన పరిశోధనల్లో, గుడ్లమీద కదలకుండా కూర్చున్న పక్షికి కూడా మనిషి దగ్గరపడితే గుండె వేగం పెరిగింది. పైకి ప్రశాంతంగా కనబడే రోగి నాడి పట్టుకుంటే తెలిసినట్టే.

మన భాషలో ఇందుకు తగిన మాట ఒకటి ముందే వుంది: దర్శనం. గుడికి వెళ్లి దర్శనం చేసుకున్నామంటాం, దర్శనం దొరకలేదనీ అంటాం. ఇవ్వటం, ఇవ్వకపోవటం అవతలి వైపు వుంటుంది. తెర తీసేదాకా నిలబడతాం. తెర మనమే లాగెయ్యం. గద్ద విషయంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే: కనబడను అనే హక్కు దానికి మిగిల్చి చూస్తే అది దర్శనం. ఆ హక్కు లేకుండా చేస్తే, ఎంత దూరం నుంచి చూసినా చొరబాటే. దగ్గరా దూరమా అన్నది ఒక్కటే కొలత కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొంగలు, గూడబాతులు ఏటా వచ్చి వూరి చెట్లమీదే గూళ్లు పెడతాయి. జనం వాటి కిందే తిరుగుతారు, వాటి రాకను శుభంగా తలుస్తారు. అక్కడ దూరం మీటర్లలో లేదు. చోటు ఎంచుకున్నది పక్షి.

ఈ కొలతతో చేపల సంగతి చూద్దాం. మెక్లెన్‌బుర్గ్ సరస్సుల్లో కొన్ని పడవల నుంచి, నార్వేలో లోఫోటెన్ దీవుల దగ్గరి ట్రోల్‌ఫ్యోర్డ్‌లో, గద్దలకు చేపలు విసురుతారు. అది వచ్చి తన్నుకుపోతుంది, ఫొటోలు పడతాయి. రావటం, రాకపోవటం దాని ఇష్టం కదా అని ఒక వాదన. గూటి కిందికి వెళ్లి తొంగిచూడటం కన్నా ఇది మేలని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆకలితో వున్నవాడి ఒప్పుకోలు ఎంతవరకు ఒప్పుకోలు? డబ్బుకోసం రక్తం అమ్ముకునేవాడు కూడా సంతకం పెట్టే అమ్ముతాడు. గూట్లో పిల్లలున్నప్పుడు విసిరిన చేపను కాదనటం ఏ తల్లికీ తేలిక కాదు.

జర్మన్‌లో రాసిన వైద్యుల్లో ఈ చిక్కును నేరుగా ఎదుర్కొన్నవాడు ఆల్బర్ట్ ష్వైట్సర్. 1915 సెప్టెంబరులో ఆఫ్రికాలోని ఒగోవే నదిమీద పడవలో పోతూ, నీటిగుర్రాల మంద మధ్యనుంచి సాగుతుండగా, 'జీవం పట్ల భక్తి' అన్న మాట ఆయనకు తట్టింది. 1931లో అచ్చయిన ఆత్మకథలో ఒక సంగతి చెప్పాడు: వూరివాళ్లు పట్టుకున్న ఒక చేపల గద్ద పిల్లను హింసనుంచి తప్పించడానికి కొన్నాడు. కొన్న తర్వాత, దాన్ని పస్తు పెట్టాలా, రోజూ కొన్ని చిన్న చేపలను చంపి బతికించాలా అన్న సమస్య వచ్చింది. బతికించాడు, కాని ఆ బాధ్యత రోజూ బాధపెట్టిందన్నాడు. పడవ మీద చేప విసిరేటప్పుడు మనకు ఆ బాధలో వీసమెత్తు కూడా తగలదు. చేప కూడా ఒక ప్రాణమన్న సంగతే స్ఫురించదు. ష్వైట్సర్ చేపను చంపింది గద్ద బతకడానికి; పడవలో విసిరేది మన ఫొటో కోసం.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి వుంది. చూసినవారికే ప్రేమ పుడుతుంది, ప్రేమ పుడితేనే రక్షణ వస్తుంది, కనుక చూడనివ్వండి అంటారు. కొంత నిజమే. అయితే గద్దను కాపాడిన మొదటివారు ఏం చేశారో గమనించాలి. 1960ల చివరి నుంచి ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో స్వచ్ఛంద సేవకులు గూళ్లకు కాపలా కాశారు. గుడ్ల దొంగలూ, ఉత్సాహవంతులూ దగ్గరికి రాకుండా చూడటం వారి పని. అంటే వారు ముఖ్యంగా కనిపెట్టి చూసింది మనుషులను.

అదీగాక, నేటి గద్దను చంపేది మనం చూడని చోట వుంది. చచ్చి దొరికిన గద్దలను బెర్లిన్ లైబ్నిత్స్ సంస్థ పరిశోధకులు కోసి చూస్తే, ముఖ్యమైన కారణాల్లో ఒకటిగా తేలింది సీసం. వేటగాళ్లు అడవిలో వదిలిన జింక పేగుల్లో తూటా ముక్కలుంటాయి. గద్ద కడుపులోని ఆమ్లం వాటిని కరిగిస్తుంది. తర్వాత రక్తహీనత, చూపు మందగించటం, రెక్క లేపలేకపోవటం. 2023 ఫిబ్రవరి నుంచి యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో సీసపు రవ్వల వాడకాన్ని నిషేధించింది. జింకలను కొట్టే తూటాలకు అది వర్తించదు. గద్దను చూసి నిజంగా ప్రేమ పుట్టినవారు ఓడ దిగిన తర్వాత పట్టించుకోవలసిన విషయం ఇది.

కాబట్టి టిక్కెట్టు కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. గూళ్లున్న ఒడ్డుకు ఎంత దూరంలో పడవ ఆపుతారు? చేపలు విసురుతారా? గద్ద తల ఎత్తి చూస్తే, అరిస్తే వెనక్కి తిప్పుతారా? "తప్పకుండా చూపిస్తాం" అని హామీ ఇచ్చేవారి దగ్గర ఇంకాస్త జాగ్రత్త. అడవి పక్షి తరఫున ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. మంచి దుర్భిణి వెంట తీసుకెళ్లండి, ఓపిక దానికన్నా ఎక్కువ తీసుకెళ్లండి.

తిరిగి వచ్చాక చూసినవారు మన పత్రికకు రాయండి. గంటసేపు కూర్చుని గద్ద కనబడకుండానే తిరిగివచ్చినవారు కూడా తప్పక రాయండి. వారికి ఆ గంటలో ఏమేమి కనిపించాయో తెలుసుకోవాలని వుంది.